ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్‌కి లాక్ పెడితే తీయించేస్తున్నారు, మీరంతా ఏం చేస్తున్నారు?

కావలి_కుర్రోడు
నేను చెన్నైలో ఉంటా, అమ్మానాయన కావలి దగ్గర ఊళ్ళో. నాయనకి ఎరువుల కొట్టుంది, ఇప్పుడు సగం బేరం ఫోన్‌లోనే నడుస్తోంది. ఆ ఫోన్‌కి లాక్ ఉండదు. నేనొచ్చినప్పుడల్లా పెడతా, నేను రైలెక్కగానే బస్టాండ్ దగ్గర మొబైల్ షాపు కుర్రోడి దగ్గరికి పోయి తీయించేస్తాడు. ఏటీఎం కార్డు ఫోన్ కవర్ వెనకాలే ఉంటది, దాన్ని చుట్టిన కాగితం మీద పిన్ రాసి ఉంటది. చెప్తే "ఇన్నేళ్ళు ఏమైంది మనకి?" అంటాడు. యూట్యూబ్‌లో సెక్యూరిటీ గురించి చెప్పేవాళ్ళంతా ఒక మనిషి, ఒక ఫోన్ అన్నట్టు చెప్తారు. మా ఇంట్లో ఒకే ఫోన్ నాయన వాడతాడు, కొట్లో గుమాస్తా వాడతాడు, సాయంత్రమైతే మా అక్క కొడుకు గేముల కోసం లాక్కుంటాడు. మీ ఇళ్ళల్లో నిజంగా ఏం చేస్తున్నారో చెప్పండి, చెయ్యాల్సింది కాదు.

ఒంగోలు_గిత్త
లాక్ ఉన్నా ఫోన్ ఎత్తొచ్చు కదా, మరి ఆయనకి ఎందుకంత కష్టం?

మైపాడు_అల
ఎత్తొచ్చు గానీ మిస్డ్ కాల్ చూసి తిరిగి చెయ్యాలంటే తీయాల్సిందే. మా అత్తది ఇదే గొడవ. రెండుసార్లు తప్పు కొడితే భయపడి పక్కన పెట్టేస్తుంది, ఇక సాయంత్రం దాకా ఎవరు చేసినా ఎత్తదు. అందరం టెన్షన్.

పొదిలి_పొగాకు
వేలిముద్ర పెట్టమంటారు అందరూ. మా ఇంటికొచ్చి చూడండి. ఆకు కొట్టే రోజుల్లో చేతులకి జిగురు పట్టి నల్లగా అయిపోతాయి, సబ్బుతో రుద్దినా పోదు. ఆ వేలు ఫోన్‌కి ఎక్కదు, రేషన్ మిషన్‌కీ ఎక్కదు. మా అమ్మకైతే వేలి మీద గీతలే మిగల్లేదు. చివరికి ప్యాటర్న్ పెట్టాం. ఇంగ్లీషు ఎల్ అక్షరం. మా ఊళ్ళో ఎవరి ఫోన్ తీసుకున్నా ఎల్, కాదంటే జెడ్.

ఒంగోలు_గిత్త
మా వీధిలో ఎమ్. తెర మీద జిడ్డు చారలే చెప్పేస్తాయి, అడగక్కర్లేదు.

చీమకుర్తి_రాయి
మా క్వారీలో పనిచేసేవాళ్ళదీ అదే కథ, రాళ్ళు మోసి మోసి వేళ్ళు అరిగిపోయాయి. ముఖం చూపించి తీసే లాక్ పెట్టుకున్నారు కొందరు. మామూలు రేటు ఫోన్లలో అది ముందు కెమెరాతో ఫొటో పోల్చుకోవడమే, కొన్నిట్లో అన్నదమ్ముల ముఖం చూపించినా తెరుచుకుంటుంది. అసలే లేనిదానికంటే నయం.

బ్యాంకు_రిటైర్డ్
కావలి అబ్బాయ్, లాక్ సంగతి తర్వాత, ముందు ఆ కార్డు కవర్ వెనక నుంచి తీయించు. పిన్ కాగితం లేకపోయినా ప్రమాదమే. ఆ కార్డు మీద వైఫై గుర్తులాంటి అడ్డగీతలు ఉంటే దుకాణంలో మిషన్‌కి ఆనిస్తే చాలు, 5,000 రూపాయల దాకా పిన్ అడగకుండానే పోతుంది. 2020 అక్టోబరు నుంచి ఈ ట్యాప్, ఆన్‌లైన్, విదేశీ వాడకం అన్నీ విడివిడిగా ఆన్, ఆఫ్ చేసుకునే వీలు బ్యాంకులన్నీ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. నువ్వు ఊరొచ్చినప్పుడు నాయన చేత యాప్ తెరిపించి ఏటీఎం ఒక్కటే ఆన్‌లో పెట్టి మిగతావి ఆపెయ్. అయిదు నిమిషాల పని, ఆయన వాడకంలో ఏ మార్పూ కనపడదు. కనపడని రక్షణే పెద్దవాళ్ళు తీయించకుండా ఉంచుతారు.

కావలి_కుర్రోడు
ఇది బాగుంది సార్, ట్యాప్ సంగతి నాకు తట్టలేదు. ఈ ఆదివారం పోతా.

రొయ్యల_రాజు
నేను వేరే దారి పట్టా. బ్యాంకులో రెండు ఖాతాలు. మేత డబ్బులు, రొయ్యలు అమ్మిన డబ్బులు వచ్చే ఖాతాకి యూపీఐ లేనే లేదు. ఇంకోదాంట్లో అయిదారు వేలు ఉంచుతా, టీ, డీజిల్, కూలీ అన్నీ దాంట్లోంచే. ఫోన్ చెరువులో పడ్డా, దొంగెత్తుకపోయినా, ఎవడన్నా ఓటీపీ లాగినా పోయేది ఆ అయిదారు వేలు. లాక్ పెట్టుకోండి పెట్టుకోకపొండి, ఇదొక్కటి చెయ్యండి.

మైపాడు_అల
మంచిదే, కానీ రెండు ఖాతాలకీ ఒకే నంబరు ఇచ్చారా? అట్లయితే ఆ ఫోన్ చేతికొచ్చినోడు పెద్ద ఖాతాని కూడా కొత్తగా యూపీఐకి కలిపేసుకుంటాడు. డెబిట్ కార్డు వివరాలో ఆధార్ ఓటీపీయో ఉంటే చాలు పిన్ పెట్టుకోడానికి.

రొయ్యల_రాజు
పెద్ద ఖాతా నంబరు వేరే. ఆ సిమ్ ఇంట్లో కీప్యాడ్ ఫోన్‌లో ఉంటది, మా ఆవిడ దగ్గర. మెసేజ్ చదివి చెప్పాలంటే ఆమె మూడ్ బాగుండాలి, అదే నాకు రెండో లాక్.

ఒంగోలు_గిత్త
😂 టూ స్టెప్ వెరిఫికేషన్ అంటే ఇదే.

బ్యాంకు_రిటైర్డ్
రాజు గారి పద్ధతి నేనూ మెచ్చుకుంటా. ఒక్క జాగ్రత్త. ఆ కీప్యాడ్ సిమ్‌కి రీచార్జి లేకుండా నెలల తరబడి వదిలేస్తే కంపెనీ ఆ నంబరు తీసేసి ఇంకొకరికి ఇస్తుంది. అప్పుడు మీ బ్యాంకు మెసేజ్‌లు ముక్కూమొహం తెలియనివాడికి పోతాయి. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఈ కేసులు బాగా చూశా. నంబరు మారితే ముందు బ్యాంకులో మార్పించుకోవాలి, జనం ముందు చుట్టాలకి చెప్తారు, బ్యాంకుకి ఏడాది తర్వాత.

కనిగిరి_కరువు
లాక్ లాక్ అని కొట్టుకుంటున్నారు గానీ ఇప్పుడు ఫోన్ దొంగిలించి డబ్బు కాజేసేవాడెంతమంది? మనమే తెరిచి ఇస్తున్నాం. మా బావమరిదికి వాట్సాప్‌లో తెలిసినాయన నంబరు నుంచి "ఆర్టీఓ చలానా" అని ఒక ఫైలు వచ్చింది, చివర ఏపీకే అని ఉంది, అంటే యాప్ ఫైలు. బండి మీద నిజంగానే చలానా ఉంది, అందుకే నొక్కాడు. ఇన్‌స్టాల్ చెయ్యమంది, చేశాడు. మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడిగింది, ఇచ్చాడు. ఇక ఓటీపీలన్నీ వాళ్ళకే. రాత్రికి ఆయన వాట్సాప్ నుంచి మా అందరికీ అదే ఫైలు. నాకు వచ్చినప్పుడు బావమరిదికి ఫోన్ చేస్తే "నేనేం పంపలేదు" అన్నాడు, అప్పటికి ఖాతా ఖాళీ.

సచివాలయం_సుధ
ఈ ఏపీకే పిచ్చి మా ఊళ్ళో పీఎం కిసాన్ పేరుతో వచ్చింది, ఇంకోసారి పెళ్ళి శుభలేఖ పేరుతో. జనం చెప్పే మాట ఒక్కటే, "తెలిసినవాళ్ళు పంపారు కదమ్మా". తెలిసినవాళ్ళ నంబరే కదా వాళ్ళు ముందు కొట్టేసేది. నేను ఇప్పుడు ఒక్క ముక్కే చెప్తున్నా: వాట్సాప్‌లో ఫొటో వస్తుంది, వీడియో వస్తుంది, పీడీఎఫ్ వస్తుంది, యాప్ మాత్రం రాదు. యాప్ వచ్చిందంటే దొంగదే. ఇంతకంటే ఎక్కువ చెప్తే ఎవరికీ గుర్తుండదు.

జిరాక్స్_బాబాయ్
బాగా చెప్పావమ్మా. సెట్టింగ్స్‌లో తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి అని ఉంటది, దాంట్లో వాట్సాప్‌కీ క్రోమ్‌కీ ఫైల్ మేనేజర్‌కీ ఆఫ్ చేసి పెట్టండి. ప్లే స్టోర్‌లో దొంగ యాప్‌లని పట్టే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఈ దొంగ యాప్‌లు ముందు దాన్నే ఆపమంటాయి. ఆపమన్నదంటేనే అర్థం చేసుకోవాలి.

మైపాడు_అల
కనిగిరి గారూ, తర్వాత ఏం చేశారు? డబ్బు వచ్చిందా?

కనిగిరి_కరువు
సగం కూడా రాలేదు. 1930కి చేసింది మరునాడు పొద్దున. చెయ్యమని చెప్పిందీ నేనే, వాడు దుప్పటి కప్పుకొని పడుకున్నాడు, ఇంట్లో తెలిస్తే తిడతారని.

బ్యాంకు_రిటైర్డ్
ఇంట్లో తిడతారని దాచడం వల్ల పోయిన డబ్బు అసలు దొంగతనం వల్ల పోయిన డబ్బు కంటే ఎక్కువ ఉంటుందని నా అనుమానం. కాస్త వివరంగా చెప్తా, విసుక్కోకండి.

డబ్బు పోగానే అది ఒక ఖాతాలో ఆగదు. మొదటి ఖాతా నుంచి రెండు మూడు ఖాతాలకి, అక్కడి నుంచి ఇంకొన్నిటికి, చివర ఏటీఎంలోనో క్రిప్టోలోనో తేలుతుంది. 1930కి చెబితే ఆ గొలుసులో డబ్బు ఎక్కడుంటే అక్కడ నిలిపెయ్యమని బ్యాంకులకి పోతుంది. మనం చెప్పేసరికి ఇంకా ఖాతాల్లో ఉంటే దొరుకుతుంది, నోట్లుగా బయటికి పోతే దొరకదు. అంతే లెక్క. గంటలోపు చేస్తే మంచిది అనేది అందుకే. యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి వచ్చే నంబరు), పోయిన మొత్తం, టైము చేతిలో పెట్టుకుని చెయ్యండి, తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తి చెయ్యాలి.

బ్యాంకుకి కూడా విడిగా రాతపూర్వకంగా చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2017 జులై సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ కాదు, మనదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో జరిగితే 3 పనిదినాల లోపల చెప్పిన కస్టమర్ మీద భారం సున్నా. 4 నుంచి 7 పనిదినాలైతే కొంత మనం భరించాలి. మనమే ఓటీపీ, పిన్ చెప్పి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మనది, చెప్పిన తర్వాత కూడా పోతే బ్యాంకుది. అందుకని మనది తప్పయినా సరే ఆ నిమిషమే చెప్పెయ్యడం లాభం.

పొదిలి_పొగాకు
ఆ యాప్ ఎక్కిన ఫోన్‌ని ఏం చెయ్యాలి? పక్కింటివాళ్ళది ఇట్లాగే అయింది, ఇంకా అదే ఫోన్ వాడుతున్నారు.

జిరాక్స్_బాబాయ్
ముందు డేటా, వైఫై ఆపి సిమ్ బయటికి తీసెయ్. ఫోన్లు చెయ్యాల్సినవన్నీ ఇంకో ఫోన్ నుంచి చెయ్. సెట్టింగ్స్‌లో యాప్‌ల లిస్టు చూడు, తెర మీద గుర్తు కనపడకపోయినా లిస్టులో ఉంటది. తీయనీయకపోతే ఫొటోలు దాచుకుని ఫోన్ మొత్తం ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడమే. నా మాట వింటే ఎట్లాగూ రీసెట్టే చెయ్, ఏం మిగిలిందో మనకేం తెలుసు. తర్వాత వాట్సాప్ మళ్ళీ అదే నంబరుతో తెరిస్తే వాడు బయటికి పోతాడు. లింక్‌డ్ డివైసెస్‌లో తెలియని కంప్యూటర్ ఉంటే లాగౌట్ చెయ్.

కనిగిరి_కరువు
ఆ దొంగ టూ స్టెప్ పిన్ (వాట్సాప్ కొత్తగా తెరిచేటప్పుడు అడిగే రెండో పిన్) పెట్టేశాడు మా వాడి వాట్సాప్‌కి. ఏడు రోజులు ఆగాల్సి వచ్చింది.

జిరాక్స్_బాబాయ్
అందుకే ఆ పిన్ ఏదో మనమే ముందు పెట్టుకోవాలి. దొంగ పెట్టకముందే.

ఒంగోలు_గిత్త
జిరాక్స్ బాబాయ్, అన్నీ చెప్తున్నావు గానీ నీ షాపు సంగతేంది? మా ఊళ్ళో జిరాక్స్ కొట్టుకి పోతే వాట్సాప్ నంబరు గోడ మీద అతికించి ఉంటది, ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం అన్నీ జనం దాంట్లోకి పంపుతారు. ఆ కంప్యూటర్‌లో జిల్లా మొత్తం ఆధార్‌లు ఉంటాయి.

జిరాక్స్_బాబాయ్
అడిగావా, చెప్తా. మా షాపులో రాత్రి మూసేముందు డౌన్‌లోడ్స్ మొత్తం తీసేస్తా.

ఒంగోలు_గిత్త
రీసైకిల్ బిన్?

జిరాక్స్_బాబాయ్
...అదీ తీసేస్తా. ఎప్పుడైనా మర్చిపోతా, అబద్ధం ఎందుకు. కానీ నాదొక మాట విను. జనం నా దగ్గరికి వచ్చి "బాబాయ్, నా ఈమెయిల్ పాస్‌వర్డ్ ఏదో నువ్వే పెట్టావు కదా, చెప్పు" అంటారు. పరీక్ష అప్లికేషన్ కట్టించుకున్నప్పుడు నేను పెట్టింది. వాళ్ళకి గుర్తుండదు, నేను ఒక పుస్తకంలో రాసిపెట్టుకున్నా, పేరు, ఊరు, పాస్‌వర్డ్. అది రాయకపోతే హాల్ టికెట్ టైముకి నా గుమ్మంలో ఏడుపులు. ఇప్పుడు చెప్పు, రాయాలా వద్దా?

మైపాడు_అల
రాయాలి, మీ పుస్తకంలో కాదు, వాళ్ళ పుస్తకంలో. కాగితం మీద రాసి పిల్లల చేతికి ఇవ్వండి, ఇంట్లో సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకోమనండి. కాగితం మీద రాసుకోవడం పెద్ద నేరం అన్నట్టు చెప్తారు గానీ మన ఇంటి బీరువాలో కాగితాన్ని రష్యా నుంచి ఎవడూ దొంగిలించలేడు. అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టడం దానికంటే చాలా చెడ్డ పని. ఎక్కడో చిన్న షాపింగ్ సైట్ లీకైతే అదే మెయిల్, అదే పాస్‌వర్డ్ అన్ని చోట్లా వేసి చూస్తారు, వాళ్ళకి అదే ఉద్యోగం.

చీమకుర్తి_రాయి
మా ఆఫీసులో పాస్‌వర్డ్ మానిటర్‌కే అతికించి ఉంటది. అందరూ చూస్తారు, లారీ డ్రైవర్లతో సహా.

మైపాడు_అల
బీరువా అన్నా, మానిటర్ అన్లా.

సచివాలయం_సుధ
ఆధార్ సంగతి వచ్చింది కాబట్టి. జిరాక్స్ కోసం పంపేటప్పుడు మాస్క్‌డ్ ఆధార్ పంపొచ్చు, చివరి నాలుగు అంకెలే కనపడతాయి. ఆధార్ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడే ఆ ఆప్షన్ ఉంటుంది. ఇక ఆ పీడీఎఫ్ పాస్‌వర్డ్, పేరులో మొదటి నాలుగు అక్షరాలు పెద్దబడి ఇంగ్లీషులో, తర్వాత పుట్టిన సంవత్సరం. అది ఊరందరికీ తెలిసిన పాస్‌వర్డ్, దాన్ని నమ్ముకుని ఎక్కడంటే అక్కడ పంపకండి.

రొయ్యల_రాజు
సుధ గారూ, వేలిముద్రలు లాక్ చేసుకోమని ఒకాయన వీడియోలో చెప్పాడు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద వేలిముద్రలు తీసి రబ్బరుతో అచ్చు పోసి ఆధార్‌తో డబ్బు లాగేస్తున్నారంట. చేసుకోవచ్చా?

సచివాలయం_సుధ
చేసుకోవచ్చు, మీలాంటివాళ్ళు. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంటుంది, కావాలంటే కాసేపు తెరుచుకుని మళ్ళీ దానంతటదే మూసుకునేట్టు కూడా. కానీ దయచేసి మీ ఇంట్లో పింఛను తీసుకునే ముసలమ్మకి చెప్పకుండా లాక్ చెయ్యకండి. మా దగ్గర ఇదే జరిగింది. బెంగుళూరు నుంచి వచ్చిన మనవడు మంచి మనసుతో లాక్ చేసి వెళ్ళిపోయాడు. ఒకటో తారీఖు పింఛనుకి వేలు పెడితే పడదు, కన్ను పెడితే పడదు, ముఖం పెట్టినా పడదు. ఆమె ఏమో "నా వేళ్ళు పాడైపోయాయమ్మా" అని ఏడుపు. మాకూ వెంటనే తట్టలేదు, మిషన్ తప్పనుకున్నాం. చివరికి మనవడికి ఫోన్ చేసి వాడు అక్కడి నుంచి ఓటీపీ అడిగి తెరిచేసరికి మధ్యాహ్నమైంది. ఆ ఓటీపీ కూడా ఆమె నంబరుకి రావాలి, ఆ నంబరు ఫోన్ పొలంలో ఉన్న కొడుకు దగ్గర.

పొదిలి_పొగాకు
మా అమ్మకి లాక్ లేకుండానే వేలు పడదు. ఆమె అన్ని రకాలా సురక్షితం.

కావలి_కుర్రోడు
ఇది చదువుతుంటే భయమేస్తోంది, నేను వచ్చే వారం అదే చెయ్యబోయా. నాయనకి పింఛను లేదు గానీ అమ్మ పేరు మీద రేషన్ ఉంది.

సచివాలయం_సుధ
చెయ్యొద్దనడం లేదు. ఆమెకి తెరవడం నేర్పండి, లేదంటే దగ్గరున్న ఎవరికైనా నేర్పండి. మీరు చెన్నైలో కూర్చుని తాళం చెవి జేబులో పెట్టుకుంటే ఇక్కడ ఇంట్లోకి ఎవరు పోతారు?

ఒంగోలు_గిత్త
ఈ మధ్య మా కాలనీలో "డిజిటల్ అరెస్ట్" ఒకటి. రిటైరైన టీచర్‌గారిని రెండు రోజులు వీడియో కాల్‌లో కూర్చోబెట్టారు, పోలీసు డ్రెస్ వేసుకుని. ఆయన ఫోన్‌కి మంచి పిన్ ఉంది, యాంటీవైరస్ కూడా డబ్బు కట్టి వేయించుకున్నాడు. ఏదీ పనికి రాలేదు.

బ్యాంకు_రిటైర్డ్
అట్లాంటి అరెస్టు చట్టంలోనే లేదు. 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఇదే చెప్పారు, ఏ సంస్థా ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో విచారణ చెయ్యదని. చదువుకున్నవాళ్ళే ఎక్కువ పడుతున్నారు, పరువుకి భయపడేది వాళ్ళే కాబట్టి. మా బ్రాంచిలో ఒకాయన ఎఫ్‌డీ మొత్తం తీసెయ్యమని వచ్చాడు, చెవికి ఇయర్‌ఫోన్. ఎందుకంటే చెప్పడు, చెమటలు పడుతున్నాయి. మా క్యాషియర్ అమ్మాయి ఆ ఇయర్‌ఫోన్ మర్యాదగా తీసి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఫోన్ కట్టవగానే ఆయన మామూలు మనిషయ్యాడు.

మైపాడు_అల
ఆ అమ్మాయికి ప్రమోషన్ ఇచ్చారా?

బ్యాంకు_రిటైర్డ్
బదిలీ ఇచ్చారు. అది వేరే కథ.

రొయ్యల_రాజు
ఇంకో బాధ ఎవరూ చెప్పలేదు. మా పక్క చెరువాయన రొయ్యలు అమ్మితే కొన్నవాడు వేరే ఎవరి ఖాతా నుంచో డబ్బు వేయించాడు. వారం తర్వాత ఈయన ఖాతా ఫ్రీజ్. ఎక్కడో వేరే రాష్ట్రంలో మోసపోయినవాళ్ళ డబ్బు తిరిగి తిరిగి ఈయనకి చేరిందంట. సరుకు పోయింది, డబ్బు ఇరుక్కుంది, మేతకి అప్పు. బిల్లులు, తూకం చీటీలు పట్టుకుని బ్యాంకు చుట్టూ, స్టేషన్ చుట్టూ తిరిగాడు.

బ్యాంకు_రిటైర్డ్
గొలుసు అన్నానే, దానికి ఇది రెండో వైపు. బేరం చేసిన మనిషి ఖాతా నుంచే డబ్బు రావాలని పట్టుబట్టండి, బిల్లు మీద పేరు, ఖాతా పేరు ఒకటే ఉండాలి. మరీ ముఖ్యం, "నీ ఖాతాలో కొంచెం డబ్బు వేస్తా, తీసిచ్చి కమీషన్ ఉంచుకో" అని కాలేజీ పిల్లలని అడుగుతున్నారు. ఖాతా అద్దెకి ఇచ్చినవాడు కేసులో ముద్దాయి అవుతాడు, అమాయకుడు అవడు.

వేదిక_నిర్వాహకుడు
ఒకరు కస్టమర్ కేర్ నంబరు అని పోస్టు పెట్టారు, తీసేశాను. ఇక్కడ ఎవరూ ఫోన్ నంబర్లు పెట్టొద్దు, గూగుల్‌లో దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో దొంగవి చాలా ఉంటాయి. కార్డు వెనక ఉన్నదే చూడండి. 1930 ఒక్కటి ఉంచుతున్నా.

మైపాడు_అల
థ్యాంక్స్. ఆ నంబర్లకి చేస్తే ఎనీడెస్క్ అనే యాప్ వేసుకోమంటారు, తెర మొత్తం వాడికి కనపడుతుంది. ఇంకోటి, బ్యాంకు వెబ్‌సైట్లు ఇప్పుడు బ్యాంక్ డాట్ ఇన్ అనే చివరతో వస్తున్నాయి, 2025 అక్టోబరు లోపల మారమని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. చివర అది ఉందో లేదో చూడడం పెద్దవాళ్ళకి కూడా నేర్పొచ్చు.

కనిగిరి_కరువు
మా బావమరిది ఇప్పుడు ఏ మెసేజ్ వచ్చినా నాకు ఫార్వర్డ్ చేస్తున్నాడు, "ఇది దొంగదా బావా" అని. నిన్న కరెంటు బిల్లు కూడా దొంగదే అన్నాడు. కట్టకుండా తప్పించుకోడానికేమో.

ఒంగోలు_గిత్త
అది నిజంగా సెక్యూరిటీనే 😂

పొదిలి_పొగాకు
రొట్టెల పండగకి నెల్లూరు పోయినప్పుడు మా తమ్ముడి ఫోన్ జనంలో పోయింది. సంచార్ సాథీ అనే ప్రభుత్వ సైట్‌లో ఐఎంఈఐ (ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబరు) పెట్టి బ్లాక్ చేయించాం, స్టేషన్‌లో ఫిర్యాదు కాపీ కావాలి దానికి. ఐఎంఈఐ ఎక్కడుందో తెలియక డబ్బా కోసం ఇల్లంతా వెతికాం. ఫోన్ చేతిలో ఉన్నప్పుడే *#06# కొట్టి ఆ నంబరు రాసిపెట్టుకోండి. ఆ సైట్‌లోనే మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా కనపడుతుంది, మాకు తెలియని సిమ్ ఒకటి తేలింది.

రొయ్యల_రాజు
పోయిన ఫోన్‌లోని సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే ఓటీపీలు వాడికే వస్తాయి కదా? ఫోన్ లాక్ ఉండి ఏం లాభం?

పొదిలి_పొగాకు
సిమ్‌కే లాక్ పెట్టొచ్చు, సెట్టింగ్స్‌లో ఉంది. ఇంకో ఫోన్‌లో వేస్తే పిన్ అడుగుతుంది. కానీ మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అడుగుతుంది, అది కంపెనీ దగ్గర తీసుకోవాలి. మతిమరుపు ఉన్నవాళ్ళకి పెట్టకండి.

కావలి_కుర్రోడు
సరే, చేసింది చెప్తా. ఆదివారం పోయా. ట్యాప్, ఆన్‌లైన్ ఆపేశాం. కొట్టుకి వేరే ఖాతా, క్యూఆర్ దానికి మార్చాం, రాత్రికి డబ్బు పెద్ద ఖాతాలోకి పోతుంది. గుమాస్తాకి ఫోన్ ఇవ్వక్కర్లేదు, డబ్బు పడితే చెప్పే స్పీకర్ డబ్బా పెట్టాం. వాట్సాప్‌కి ఏపీకే అనుమతి ఆఫ్. లాక్ మాత్రం ఒప్పుకోలేదు. మధ్యేమార్గంగా ఫోన్‌పే యాప్‌కి మాత్రం లాక్ పెట్టా, ఫోన్ తెరిచే ఉంటది. షాపు కుర్రోడితో కూడా మాట్లాడా, నాయన వచ్చి తీయమంటే ముందు నాకొక ఫోన్ చెయ్యమన్నా.

మైపాడు_అల
షాపు కుర్రోడిని మీ వైపు తిప్పుకోవడమే అన్నిటికంటే పెద్ద పని. మన ఊళ్ళల్లో ఐటీ డిపార్ట్‌మెంటు వాడే.

ఒంగోలు_గిత్త
వాడికి ఫోన్ రిపేరుకి ఇచ్చేటప్పుడు పిన్ కూడా చెప్పి వస్తారు జనం, గ్యాలరీ మొత్తం వాడి చేతిలో. సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్ అని ఉంది, అది ఆన్ చేసి ఇస్తే మన ఫొటోలు, మెసేజ్‌లు వాడికి కనపడవు.

చీమకుర్తి_రాయి
ఫోన్ల గురించే మాట్లాడారు, కంప్యూటర్ మాట అడగొచ్చా? ఆఫీసులో విండోస్ 10, లెక్కలు రాసే ట్యాలీ దాంట్లోనే. అప్‌డేట్లు ఇక రావు అని చూపిస్తోంది. మా ఓనరు "నడుస్తోంది కదా" అంటాడు. యాంటీవైరస్ కొంటే సరిపోతుందా?

జిరాక్స్_బాబాయ్
విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది. యాంటీవైరస్ దొంగని గుర్తుపడుతుందేమో గానీ గోడకున్న కన్నం పూడ్చదు. 2017 మేలో వనాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే వచ్చేసి ఉంది, వేసుకోనివాళ్ళే మునిగారు. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకి కూడా తగిలింది అప్పట్లో. మిషన్ విండోస్ 11కి పనికొస్తుందేమో చూడు. ఇంకోటి, ఆ విండోస్ ఒరిజినలేనా?

చీమకుర్తి_రాయి
అసెంబుల్ చేసినోడు వేసిచ్చాడు.

జిరాక్స్_బాబాయ్
అర్థమైంది. దొంగ విండోస్‌ని నడిపించే ఆ యాక్టివేటర్‌తోనే ఏదో ఒకటి లోపలికి వచ్చి ఉంటది. ముందు ట్యాలీ డేటా బయటికి తీసి పెట్టుకో, తర్వాత ఓనరుతో కొట్లాడు.

చీమకుర్తి_రాయి
రేపు బయట హార్డ్ డిస్క్ కొని తీస్తా. అది కంప్యూటర్‌కే తగిలించి ఉంచొచ్చా, రోజూ దానంతటదే కాపీ అయ్యేట్టు?

జిరాక్స్_బాబాయ్
వద్దు. ఫైళ్ళు తాళం వేసి డబ్బడిగే వైరస్ వస్తే తగిలించిన డిస్కు కూడా పోద్ది. కాపీ అవగానే పీకేసి బీరువాలో పెట్టు.

చీమకుర్తి_రాయి
బీరువా తాళం ఓనరు భార్య దగ్గర ఉంటది.

రొయ్యల_రాజు
అడుగు మరి. నేను రోజూ అడుగుతున్నా కదా.